మట్టిలో కుష్టు క్రిమి దొరికింది, సరే. అది ఎవరిది?

"కుష్టువ్యాధి మట్టిలోంచి వస్తుందట", "ఉడుతల్లో ఉందట", "చింపాంజీలకూ వచ్చిందట". కొన్నేళ్లకోసారి ఇలాంటి వార్త ఒకటి చక్కర్లు కొడుతుంది. వాటి వెనకున్న పరిశోధనలు చాలావరకు నిఖార్సైనవే. చిక్కల్లా ఎక్కడంటే, పరిశోధన చెప్పినదానికీ శీర్షిక చెప్పినదానికీ మధ్య మూడు నాలుగు మెట్లు మాయమైపోతాయి. ఆ మెట్లు చూసుకోకుండా "మనిషి నుంచి మనిషికన్న పాత మాటంతా తప్పు" అని తేల్చేసేవాళ్లు ఒకవైపు. "జంతువుల్లేవు, మట్టీ లేదు, అంతా ఊహ" అని కొట్టిపారేసేవాళ్లు మరోవైపు. ఇద్దరితోనూ నాకు పేచీ ఉంది.

జంతువుల్లో కుష్టువ్యాధి ఉందన్నది రుజువైన సంగతి. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఒక జంతువు నుంచి మనుషులకు సోకుతోందన్నది దాదాపు రుజువైన సంగతి. మట్టిలో బతికున్న క్రిమి కొంతకాలం ఉంటుందన్నది నమ్మదగ్గ సంగతి. మట్టి నుంచి ఫలానా మనిషికి వ్యాధి వచ్చిందన్నది మాత్రం ఇంకా ఎవరూ చూపని సంగతి. ఈ నాలుగింటినీ ఒకే గాటన కట్టడమే నేను వద్దంటున్నది.

ముందు ఆ క్రిమి తత్వం తెలియాలి. 1873లో నార్వేలోని బెర్గెన్‌లో హాన్సెన్ దాన్ని గుర్తించాడు. పేరు మైకోబాక్టీరియం లెప్రే. నూటయాభై ఏళ్లు దాటినా దాన్ని గాజుపాత్రలో పెంచడం ఎవరికీ చేతకాలేదు. కారణం 2001లో దాని జన్యుక్రమం చదివినప్పుడు బోధపడింది. మొత్తం 32.7 లక్షల డీఎన్‌ఏ అక్షరాల ఆ జన్యుక్రమంలో ప్రొటీన్లు తయారుచేయించే జన్యువులు 1,600 చిల్లర మాత్రమే. 1,100కు పైగా జన్యువులు చచ్చుపడి ఉన్నాయి. దాని దాయాది క్షయ క్రిమికి పనిచేసే జన్యువులు దాదాపు 4,000 ఉంటాయి. అంటే సొంతంగా వండుకు తినే సామర్థ్యాన్ని ఇది ఎప్పుడో వదిలేసుకుంది. ఇంకో జీవి కణంలో దూరితే తప్ప పెరగలేదు. పెరిగినా మహా నిదానం. ఈ-కోలి 20 నిమిషాలకు రెండవుతుంది, ఒకటి పది లక్షలవడానికి దానికి ఏడు గంటలు చాలు. కుష్టు క్రిమి రెండవడానికి 12 నుంచి 14 రోజులు కావాలి, అదే పది లక్షలకు చేరడానికి తొమ్మిది నెలలు పడుతుంది. పైగా దానికి 37 డిగ్రీల వేడి పడదు. 27 నుంచి 33 డిగ్రీల మధ్య చల్లదనం కావాలి. అందుకే మనిషిలో ముక్కు, చెవి తమ్మెలు, చేతులూ కాళ్లలో చర్మానికి దగ్గరగా ఉండే నరాలు ముందు దెబ్బతింటాయి.

ఇందులోంచి తేలేదేమిటంటే, ఈ క్రిమి మట్టిలో నిల్వ ఉండగలదేమో గానీ మట్టి తిని పెరగలేదు. ధనుర్వాతం క్రిమికి మట్టి సొంతిల్లు, దీనికి కాదు. "పరిసరాల్లో మూలం" అనే మాట ఎవరన్నా, ఆ పరిసరాల్లోకి దాన్ని తెచ్చి పోస్తున్న జీవి ఏదని అడగాల్సిందే.

ఇక మెట్ల సంగతి. ఎక్కడైనా కుష్టు క్రిమి జాడ దొరికిందన్నప్పుడు వరసగా అడగాల్సినవి ఇవి. దొరికింది నిజంగా దానిదేనా? బతికున్నదా, చచ్చినదా? దాని రకమూ అక్కడి రోగుల్లోని రకమూ ఒకటేనా? ఒకటే అయితే ఎటు నుంచి ఎటు వెళ్లింది? ఆఖరిగా, జబ్బు తెప్పించేంత మోతాదులో ఉందా? ఇంటి ముందు చెప్పులు కనబడితే ఎవరో వచ్చారని తెలుస్తుంది, అంతవరకే. వాళ్లు లోపలున్నారా, వెళ్లిపోయారా, ఆ చెప్పులు అసలు ఇంట్లోవాళ్లవేనా అన్నది వేరే లెక్క. పీసీఆర్‌లో, అంటే డీఎన్‌ఏను లక్షల ప్రతులుగా పెంచి పట్టుకునే పరీక్షలో, దొరికే డీఎన్‌ఏ ముక్క ఆ చెప్పుల్లాంటిదే.

ప్రయోగశాలలో ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చూస్తే ఇది అర్థమవుతుంది. మట్టి పరీక్షకు ఎక్కువగా వాడేది ఆర్‌ఎల్‌ఈపీ అనే డీఎన్‌ఏ వరుస. ఒక్కో క్రిమిలో ఇది దాదాపు 37 చోట్ల పునరావృతమవుతుంది కాబట్టి, క్రిములు అతి తక్కువ ఉన్నా చిక్కుతుంది. అదే దాని బలం, అదే బలహీనత. చచ్చి నెలలైన క్రిమి తాలూకు ముక్క కూడా పాజిటివ్ చూపిస్తుంది. పగలంతా రోగుల చర్మం ముక్కలు పరీక్షించే గదిలోనే మట్టినీ పరీక్షిస్తే, గాల్లో తేలిన పాత డీఎన్‌ఏ కూడా పాజిటివ్ చూపిస్తుంది. ప్రతి విడతలో మట్టి లేని ఖాళీ గొట్టం ఒకటి మొదట్నుంచి చివరిదాకా నడపకపోతే ఈ తప్పు బయటపడదు. దీనికి ఎదురుగా ఇంకో తప్పుంది. మట్టిలోని హ్యూమిక్ ఆమ్లాలు పీసీఆర్‌ను మొరాయింపజేస్తాయి, ఉన్న క్రిమి కూడా లేనట్టే కనిపిస్తుంది. తీసిన డీఎన్‌ఏను పది రెట్లు పలచన చేసి మళ్లీ చూడడం, తెలిసిన డీఎన్‌ఏ కొంచెం కలిపి అది పలుకుతోందో లేదో చూడడం దీనికి విరుగుడు. మట్టి నుంచి డీఎన్‌ఏ తీసే రెడీమేడ్ కిట్లు సాధారణంగా పావు గ్రాము మట్టితో పనిచేస్తాయి. ఒక వాకిలి మొత్తానికి పావు గ్రాము! నెగెటివ్ వచ్చిందని ఆ వాకిట్లో క్రిమి లేదనడానికి వీల్లేదు.

బతికున్నదా అన్నది తేల్చడానికి ఆర్‌ఎన్‌ఏ చూస్తారు. క్రిమి చచ్చాక ఆర్‌ఎన్‌ఏ డీఎన్‌ఏ కంటే త్వరగా విరిగిపోతుంది. కానీ ఎక్కువగా చూసే 16ఎస్ రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏ మిగతా ఆర్‌ఎన్‌ఏల కంటే గట్టిది, చావు తర్వాత కూడా కొంతకాలం నిలుస్తుంది. కాబట్టి "బతికుంది, లేదా ఈమధ్యే చచ్చింది" అని చదువుకోవాలి. తిరుగులేని పరీక్ష ఎలుక అరికాలిది. 1960లో షెపర్డ్ కనిపెట్టిన పద్ధతి. 5,000 క్రిములున్న 0.03 మిల్లీలీటర్ల ద్రవాన్ని ఎలుక వెనక పాదం మెత్తలోకి ఎక్కించి ఆరు నెలలు ఆగితే, బతికున్నవైతే పది లక్షల దాకా పెరుగుతాయి. మట్టి ద్రవాన్ని ఎక్కించాలంటే ముందు అందులోని వేరే సూక్ష్మజీవులను చంపాలి. వాటిని చంపే మందు కుష్టు క్రిములనూ కొన్నిటిని చంపుతుంది. అందుకే మట్టి మీద ఈ పరీక్ష చేసినవాళ్లు తక్కువ.

మూడో మెట్టు దగ్గర చాలా అధ్యయనాలు ఆగిపోవడానికి కారణం కూడా ఇలాంటిదే. 37 ప్రతులున్న వరుస పట్టుకోవడం తేలిక. రకాన్ని చెప్పే ఒంటి అక్షర తేడాలు క్రిమికి ఒక్కొక్కటే ఉంటాయి. పాజిటివ్ వచ్చిన మట్టిలోనే వాటిని చదివేంత సరుకు ఉండదు. "పాజిటివ్, కానీ రకం తేలలేదు" అన్నది ఈ రంగంలో మామూలు మాట.

ఈ మెట్లలో ఎక్కువ ఎక్కిన కథ ఆర్మడిల్లోది. ఒంటి మీద పెంకు పట్టీలతో ఉండే, నాలుగైదు కిలోల బరువు తూగే అమెరికా ఖండాల జంతువు. దాని ఒంటి వేడి 33 నుంచి 35 డిగ్రీలు, పదేళ్లకు పైనే బతుకుతుంది. చల్లటి ఒళ్లు, పొడవాటి ఆయువు: కుష్టు క్రిమికి కావలసినవి రెండూ ఉన్నాయి. 1971లో కిర్క్‌హైమర్, స్టోర్స్ దానికి క్రిమిని ఎక్కించి చూశారు. ఏడాదిన్నర రెండేళ్లలో కాలేయం, ప్లీహం గ్రాముకు వంద కోట్లకు మించిన క్రిములతో నిండిపోయాయి. ప్రపంచంలో కుష్టు పరిశోధనకు కావలసిన క్రిములు ఆ తర్వాత చాలావరకు దాన్నుంచే వచ్చాయి. 2001లో చదివిన జన్యుక్రమం కూడా తమిళనాడు రోగి నుంచి తీసి ఆర్మడిల్లోలో పెంచిన క్రిమిదే.

1975లో లూసియానాలో అడవి ఆర్మడిల్లోల్లో సహజంగానే ఈ వ్యాధి ఉందని బయటపడింది. ప్రయోగశాల నుంచే బయటికి పాకిందన్న అనుమానం వెంటనే లేచింది, అది న్యాయమైన అనుమానమే. తేల్చింది పాత ఫ్రీజర్లు. 1960 నుంచి 1964 మధ్య, అంటే ప్రయోగాలకు ముందే, వేరే పనికోసం దాచిన ఆర్మడిల్లో రక్తరసాల్లో కుష్టు క్రిమికి మాత్రమే ప్రత్యేకమైన పీజీఎల్-1 అనే కొవ్వు పదార్థం మీది ప్రతిరక్షకాలు దొరికాయి. ప్రయోగశాల నిర్దోషి. మరి వాటికి ఎక్కడి నుంచి వచ్చింది? అమెరికాలోని ఆర్మడిల్లోల్లో ఉన్నది 3ఐ రకం, ఐరోపా సంతతి మనుషుల్లో ఉండే వంశం. ఐరోపా నుంచి వలస వచ్చినవాళ్లే గత కొన్ని వందల ఏళ్లలో దాన్ని ఆర్మడిల్లోలకు అంటించారన్నమాట. ఆ తర్వాత అవి వాటిలో అవే పంచుకున్నాయి, ఇప్పుడు తిరిగి మనుషులకు ఇస్తున్నాయి. 2011లో ట్రూమన్ బృందం చూపింది ఇదే. 33 అడవి ఆర్మడిల్లోల్లో 28, ఆ ప్రాంతంలో ఉన్న 39 మంది రోగుల్లో 25 మంది ఒకే రకం క్రిమిని మోస్తున్నారు. ప్రపంచంలో ఇంకెక్కడా కనబడని రకం అది. విదేశం వెళ్లనివాళ్లకు వ్యాధి ఎలా వచ్చిందన్న పాత ప్రశ్నకు అంతకంటే సూటి జవాబు దొరకదు. అయినా ఆ బృందం తమ వ్యాసం పేరులో "బహుశా" అనే మాట ఉంచింది. నాకు నచ్చింది అదే.

2015లో ఫ్లోరిడా సహా ఆగ్నేయ రాష్ట్రాల్లో చూసినప్పుడు 645 ఆర్మడిల్లోల్లో 106 సోకినవి తేలాయి, రెండో రకం కూడా దొరికింది. బ్రెజిల్‌లోని పారా రాష్ట్రంలో 2018 నాటి అధ్యయనం ఇంకా కలవరపెట్టేది: పరీక్షించిన 16 ఆర్మడిల్లోల్లో 10 సోకినవే. అక్కడివాళ్లు వాటిని వేటాడి తింటారు. అన్నిటికంటే ఎక్కువ క్రిములుండే కాలేయాన్ని కొందరు పచ్చిగానే తింటారు. పరీక్షించిన 146 మందిలో 92 మందికి ప్రతిరక్షకాలు ఉన్నాయి, ఎక్కువసార్లు తినేవాళ్లలో వాటి మోతాదు ఇంకా ఎక్కువ. కానీ ప్రతిరక్షకం ఉన్నంతమాత్రాన వ్యాధి ఉన్నట్టు కాదు. ఆ 146 మందిలో కొత్తగా తేలిన రోగులు ఏడుగురు. బ్రెజిల్‌లో మనుషుల మధ్య కూడా వ్యాధి బాగా తిరుగుతోంది కాబట్టి, అమెరికాలో వచ్చినంత తేటగా లెక్క అక్కడ రాదు. ఏదేమైనా ఆర్మడిల్లో తిరిగేచోట జాగ్రత్త కష్టమేమీ కాదు. ఉత్త చేతుల్తో కొయ్యొద్దు, గ్లవ్స్ వేసుకోవాలి, మాంసం పూర్తిగా ఉడకాలి, కాలేయం పచ్చిగా ముట్టొద్దు. స్పర్శలేని మచ్చతో వచ్చినవాళ్లను వేట గురించి అడగడం వైద్యులు అలవాటు చేసుకోవాలి.

ఇక ఉడుతలు. 2016లో బ్రిటన్ దక్షిణ తీరంలోని బ్రౌన్‌సీ దీవి ఎర్ర ఉడుతల్లో కుష్టు క్రిమి దొరికింది. చెవులు, మూతి ఉబ్బి, వెంట్రుకలు ఊడిన ఉడుతలు. స్కాట్లాండ్, ఐర్లాండ్ ఉడుతల్లో ఉన్నది మాత్రం లెప్రే కాదు, 2008లో గుర్తించిన దాని తోబుట్టువు లెప్రొమటోసిస్. బ్రౌన్‌సీ రకం మధ్యయుగపు ఇంగ్లండ్ మనుషుల ఎముకల్లో దొరికిన రకానికి దగ్గరిది. 2024లో వించెస్టర్ తవ్వకాల్లోని మధ్యయుగపు ఉడుత ఎముకలోనూ క్రిమి బయటపడింది. అది ఇప్పటి ఉడుతల రకం కంటే అప్పటి ఊరి మనుషుల రకానికే దగ్గర. అప్పట్లో ఉడుత బొచ్చు వ్యాపారం పెద్దది, పెంపుడు ఉడుతలూ ఉండేవి. ఎవరు ఎవరికి అంటించారో చెప్పలేం గానీ, మనుషులకూ ఉడుతలకూ మధ్య రాకపోకలు ఉన్నాయి.

నా వాదనకు ఇక్కడే పెద్ద ఆధారం ఉంది. బ్రిటన్‌లో స్థానికంగా సోకే కుష్టు శతాబ్దాల క్రితమే అంతరించింది. ఉడుతల్లో క్రిమి మాత్రం ఇప్పటికీ ఉంది. ఆ ఉడుతల వల్ల మనిషికి సోకిన కేసు ఒక్కటీ తేలలేదు. జంతువులో క్రిమి ఉండడం ఒకటి, అది మనిషిదాకా రావడం ఇంకొకటి. మధ్యలో వేట, కోత, తిండి, పెంపకం లాంటి దగ్గరి సంబంధం ఏదో ఉండాలి.

చింపాంజీల కథ దీనికి తలకిందులు. గినీ-బిసావులోని కాంటన్యెజ్ అడవిలో ఆటోమేటిక్ కెమెరాలు ముఖమంతా బుడిపెలతో, వంకరపోయిన వేళ్లతో ఉన్న చింపాంజీలను పట్టాయి. ఐవరీకోస్ట్‌లోని టాయి అడవిలోనూ అలాంటివే కనిపించాయి. 2009లో చిరుత చంపిన ఒక చింపాంజీ కళేబరం నుంచి దాచిన ముక్కలను వెనక్కి వెళ్లి పరీక్షిస్తే అందులోనూ క్రిమి ఉంది. 2021లో వెలువడిన ఈ పనిలో ముఖ్యమైనది క్రిమి రకం: రెండుచోట్లా రెండు వేర్వేరు రకాలు, మనుషుల్లో అరుదైనవి. మనుషులే అంటించారని సులువుగా అనడానికి లేదు. మనకింకా తెలియని జంతువేదో, పరిసరాల్లోని మూలమేదో ఉండవచ్చన్న ఆలోచనకు నేను చూసినవాటిలో ఇదే గట్టి ఆసరా. అందుకే "అంతా ఊహ" అనేవాళ్లతోనూ ఏకీభవించలేను.

ఇప్పుడు మట్టి. ఎంబీ రకం రోగి, అంటే ఒంట్లో క్రిములు ఎక్కువగా ఉన్నవాడు, మందులు మొదలుపెట్టకముందు ముక్కు స్రావంతో రోజుకు కోటి బతికున్న క్రిముల దాకా వదలగలడని 1970ల్లోనే లెక్కగట్టారు. అవి ఎక్కడో పడాలి కదా. పడ్డాక ఎంతకాలం ఉంటాయన్నది భారత శాస్త్రవేత్తలు దేశికన్, శ్రీవత్స ఎలుక అరికాలి పద్ధతిలో చూశారు. 1995లో వాళ్లు ప్రకటించిన ప్రకారం తడి మట్టిలో 46 రోజులు, నీడలో ఆరనిస్తే ఐదు నెలలు, రోజుకు మూడు గంటల చొప్పున ఎండలో పెడితే ఏడు రోజులు బతికాయి. క్రిమినాశక మందులు తగిలితే మాత్రం వెంటనే చచ్చాయి. నీడపట్టు చోటే ఎక్కువ కాలం కాపాడుతుందన్నది గమనించదగ్గది. ఇవన్నీ గరిష్ఠ కాలాలు. వేసినవన్నీ అన్నాళ్లు బతికాయని కాదు, కొన్నయినా బతికాయని.

అమీబాల సంగతి ఇంకా ఆసక్తికరం. మట్టిలో, నీళ్లలో స్వేచ్ఛగా తిరిగే అకాంతమీబా క్రిమిని మింగుతుంది, కానీ అరిగించుకోలేదు. పరిస్థితులు బాగోలేనప్పుడు అమీబా గట్టి పెంకు కట్టుకుని సిస్ట్‌గా మారుతుంది. ఆ పెంకులో కుష్టు క్రిమి ఎనిమిది నెలల దాకా బతికిందని, ఎలుకలో మళ్లీ పెరిగే సత్తా పోలేదని 2014లో చూపారు. పశ్చిమ బెంగాల్‌లోని పురూలియా ప్రాంతంలో రోగుల ఇళ్ల చుట్టుపక్కల మట్టిలో, నీళ్లలో కుష్టు క్రిమి, అకాంతమీబా రెండూ దొరికాయి. అయితే ఇక్కడ కూడా తేలింది బతకడమే. అమీబాలో క్రిమి సంఖ్య పెరుగుతుందని చూపితే అది వేరే కథ అవుతుంది.

ఉత్తర ప్రదేశ్‌లోని ఘాతంపూర్‌లో 2008 నాటి అధ్యయనం 80 మట్టి నమూనాలు చూసింది. రోగులున్న చోట్ల తీసిన వాటిలో 55 శాతం పాజిటివ్, రోగులు లేని చోట్ల 15 శాతం. ఈ అంకెలను ఎక్కువమంది "మట్టి ప్రమాదకరం" అని చదువుతారు. నేను చదివేది "మట్టి రోగిని అనుసరిస్తోంది" అని. రోగి ముందు, మట్టి వెనక. తేలాల్సింది ఆ 15 శాతం: అక్కడ కనిపెట్టని రోగి ఉన్నాడా, లేక మట్టికి వేరే మూలం ఉందా? ఇండొనేసియాలో 1999 నాటి అధ్యయనానిదీ ఇదే చిక్కు. 44 నీటి వనరుల్లో దాదాపు సగంలో డీఎన్‌ఏ ఉంది, ఆ నీళ్లతో స్నానం చేసి బట్టలుతుక్కునేవాళ్లలో వ్యాధి ఎక్కువ. కానీ రోగి వాడే నీటినే వాడేవాళ్లు రోగికి ఇరుగుపొరుగు కూడా. నీటి వల్ల వచ్చిందా, పొరుగు వల్ల వచ్చిందా?

నిజానికి ఈ చిక్కు మనిషి-నుంచి-మనిషికి వాదానికీ ఉంది, మన పక్షంవాళ్లు దాన్ని ఒప్పుకోవడం తక్కువ. ఎంబీ రోగి ఇంట్లోవాళ్లకు ముప్పు బయటివాళ్ల కంటే కొన్ని రెట్లు ఎక్కువన్నది ప్రధాన ఆధారంగా చూపుతాం. ఒకే ఇంట్లోవాళ్లు ఊపిరే కాదు, వాకిలి, నీళ్ల తొట్టి, రక్తసంబంధంతో వచ్చే రోగనిరోధక గుణం కూడా పంచుకుంటారు. ఇంటి లెక్క ఒక్కదానితో వీటిని విడదీయలేం.

మట్టి పక్షంవాళ్లు ఎక్కువగా పట్టుకునేది "చాలామంది కొత్త రోగులకు తెలిసిన రోగితో పరిచయమే లేదు" అన్న మాట. నాకు ఇది బలహీనమైన ఆధారంగా కనిపిస్తుంది. సోకిన దగ్గర్నుంచి మచ్చ కనిపించేదాకా సగటున ఐదేళ్లు, ఒక్కోసారి ఇరవై ఏళ్లు పడుతుంది. పద్నాలుగేళ్ల కిందట పక్కన కూర్చుని పనిచేసిన మనిషి ముక్కు ఎప్పుడూ దిబ్బడగా ఉండేదని ఎవరికి గుర్తుంటుంది? ఆ మనిషికే తన వ్యాధి తెలిసి ఉండదు. తెలిసినా చెప్పి ఉండడు. పరిచయం గుర్తులేకపోవడం పరిచయం లేకపోవడం కాదు.

గోమార్లు, రక్తం పీల్చే నల్లుల జాతి పురుగులు ప్రయోగశాలలో క్రిమిని మోశాయి. బయట మోస్తున్నాయనడానికి ఆధారం చాలదు. నార్వే తీరపు నాచును అనుమానించినవాళ్లున్నారు. పంతొమ్మిదో శతాబ్దంలో జొనాథన్ హచిన్‌సన్ అనే పెద్ద వైద్యుడు చెడిన చేపలు తినడమే కారణమని జీవితాంతం వాదించాడు. క్రిమి దొరికాక కూడా! పెద్ద పేరున్నంతమాత్రాన మెట్లు దాటెయ్యొచ్చని కాదు.

ఇదంతా పనిలోకి వస్తే ఏమవుతుంది? 2022లో ప్రపంచంలో కొత్తగా తేలిన రోగులు 1,74,087 మంది, అందులో 1,03,819 మంది భారత్‌లోనే. ఇక్కడ ఆర్మడిల్లోలు లేవు, ఐరోపా ఎర్ర ఉడుతలూ లేవు. మందులు తీసుకోని రోగులు ఉన్నారు. కుష్టుకు ఇచ్చే యాంటీబయాటిక్ రిఫాంపిసిన్ మొదటి మోతాదుతోనే బతికున్న క్రిములు దాదాపు అన్నీ పోతాయి. అంటే మట్టిలోకి పడే సరఫరా ఆపడానికి అతి చవకైన దారి కూడా రోగిని త్వరగా కనిపెట్టడమే. కాంటాక్టులకు, అంటే రోగి దగ్గర మెలిగినవాళ్లకు, ముందుజాగ్రత్తగా ఒక్కసారి ఇచ్చే రిఫాంపిసిన్ కూడా ఉంది: పదిహేనేళ్లు దాటినవాళ్లకు 600 మిల్లీగ్రాములు, పదినుంచి పద్నాలుగేళ్లవాళ్లకు 450. బంగ్లాదేశ్‌లో రెండేళ్ల పాటు చూస్తే దీనివల్ల కొత్త కేసులు 57 శాతం తగ్గాయి. ఇచ్చేముందు క్షయ లేదని, కుష్టు ముందే మొదలుకాలేదని చూడాలి. ఈ రెండు తనిఖీలూ హడావిడిలో ఎగిరిపోతుంటాయి. వాకిళ్లలో బ్లీచింగ్ చల్లడానికి డబ్బు, మనుషులు మళ్లితే ఈ పని వెనకబడుతుంది. పైగా రోగి ఇంటి మట్టి కూడా అంటుకుంటుందన్న మాట ఊళ్లో పాకితే రోగులు ఇంకా దాక్కుంటారు.

మట్టి పరిశోధన ఆపమని కాదు, సరైన ప్రశ్న అడగమని. రోగులందరూ ఎండీటీ, అంటే పలు మందులు కలిపి ఇచ్చే చికిత్స, పూర్తిచేసిన చిన్న జనావాసం ఒకటి తీసుకోవాలి. స్నానం చేసే చోటు, బట్టలుతికే చోటు, నీడలో కూర్చునే చోటు గుర్తుపెట్టుకుని అవే చోట్ల మూడు నెలలకోసారి, కనీసం మూడేళ్లు మట్టి తియ్యాలి. ఒక్కోచోట ఒక్క చిటికెడు కాదు, నాలుగైదు నమూనాలు. తీసిన వెంటనే ఆర్‌ఎన్‌ఏ చెడకుండా కాపాడే ద్రవంలో వెయ్యాలి. కొన్నిటిని ఎలుకలోకి ఎక్కించాలి. ఎన్నడూ కేసు లేని జనావాసం ఒకటి పోలికకు ఉండాలి, పరీక్షించేవాళ్లకు ఏ గొట్టం ఎక్కడిదో తెలియకూడదు. నీడలో ఐదు నెలలు, అమీబాలో ఎనిమిది నెలలు అన్నవి మనకు తెలిసిన హద్దులు. రెండేళ్లు దాటాక కూడా అక్కడ బతికున్న క్రిమి దొరికి, దాని రకం పాత రోగులెవరిదీ కాకపోతే, మట్టికి తనదంటూ మూలం ఉందని నేను ఒప్పుకుంటాను. ఒక్క షరతు: ఆ మూడేళ్లూ ఆరు నెలలకోసారి ప్రతి మనిషినీ పగటి వెలుతురులో ఒళ్లంతా చూసి, మచ్చల మీద స్పర్శ పరీక్షించి, మోచేతి దగ్గరి నరాన్ని తడిమి, అనుమానమున్నవాళ్ల చెవి తమ్మె నుంచి స్మియర్ తీసి, దాగిన రోగి లేడని తేల్చి ఉండాలి. ఇలాంటి అధ్యయనాల్లో మానేసేది ఎక్కువగా ఈ భాగాన్నే, ఎందుకంటే ఖర్చంతా ప్రయోగశాలలో కాదు, ఇక్కడే అవుతుంది.